ఒకే సీలింగుకి మూడు ఎస్టిమేట్లు ఎందుకొస్తాయి: పెచ్చులూడిన స్లాబు, దాని రిపేరు, పెయింటు వెనకున్న లెక్క

వానలు ఓ నెల గట్టిగా పడ్డాక విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఎవరింటికెళ్ళినా ఒకటే మాట, సీలింగు పెచ్చులూడుతోందండీ, ఎవరైనా మంచి మేస్త్రీ ఉంటే చెప్పండి అని. 2024 ఆగస్టు ఆఖర్న, సెప్టెంబరు మొదట్లో పడ్డ వాన, బుడమేరు వరద తర్వాత ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. సింగ్‌నగర్ వైపు కింద నుంచి నీళ్ళొచ్చి గోడలు నానిపోయిన ఇళ్ళ కథ వేరు, నీళ్ళు గడప కూడా తొక్కని ఇళ్ళల్లో పై నుంచి దిగిన చెమ్మ కథ వేరు. ఇక్కడ చెప్పేది రెండోదాని గురించి.

మా అమ్మావాళ్ళ ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, 1994లో పోసిన స్లాబు. మొన్న హాల్లో ఫ్యాను పక్కనుంచి పళ్ళెమంత పెచ్చు ఊడి కుర్చీ చేతి మీద పడింది, నాన్న అప్పుడే మంచినీళ్ళకి లేచి వెళ్ళారు కాబట్టి బతికిపోయాం. ముగ్గుర్ని పిలిపించాం. పెయింటర్ చూసి లప్పం పట్టించి రెండు కోట్లేస్తే అయిపోద్ది, 6 వేలన్నాడు. మేస్త్రీ చూసి ఊడేదంతా కొట్టేసి మళ్ళీ ప్లాస్టింగ్ చెయ్యాలి, 28 వేలన్నాడు. వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు అసలు లోపలికే రాకుండా నేరుగా డాబా ఎక్కి, దిగొచ్చి లక్షా పదివేలు చెప్పాడు. అమ్మకి ముగ్గురిలో ఎవరు మోసం చేస్తున్నారో అర్థం కాలేదు. నాకు ఓ వారం పట్టింది అర్థం కావడానికి, ముగ్గురూ నిజాయితీగానే చెప్పారు, కాకపోతే మూడు వేరే పనులకి రేట్లు చెప్పారు, ఆ మూడు పనుల్నీ మనం "సీలింగు రిపేరు" అని ఒకే పేరుతో పిలుస్తున్నాం.

తలెత్తి చూస్తే కనపడేది ఏ పొర

కింద నుంచి పైకి లెక్కపెడదాం. మన కళ్ళకి కనపడేది పెయింటు, కాగితం కంటే కొంచెం మందం. దాని పైన లప్పం, ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర. దాని పైన సిమెంటు ప్లాస్టింగ్, 6 నుంచి 12 మిల్లీమీటర్లు. ఇక్కడిదాకా అంతా అలంకారమే, ఇవన్నీ గీకేసినా ఇల్లు నిలబడే ఉంటుంది. దాని పైన అసలు స్లాబు కాంక్రీటు, మామూలు ఇళ్ళల్లో 4 నుంచి 5 అంగుళాలు. స్లాబు పైన వాలు కోసం వేసిన గచ్చు.

స్లాబులో రాడ్లు ఎక్కడుంటాయన్నది ముఖ్యం. రెండు గోడల మధ్య పరుచుకున్న స్లాబు తన బరువుకి తనే నడుములో కొంచెం కిందికి వంగాలని చూస్తుంది, అప్పుడు పై ముఖం నొక్కుకుంటుంది, కింది ముఖం సాగుతుంది. కాంక్రీటు నొక్కితే బాగా తట్టుకుంటుంది గానీ లాగితే చీలిపోద్ది, ఆ లాగుడు తట్టుకోడానికే రాడ్లు, అందుకే గది మధ్యలో రాడ్లు స్లాబుకి కింది అంచునే ఉంటాయి. అంటే మన తలకీ రాడ్డుకీ మధ్య ఉన్న కాంక్రీటు చాలా పలచన, దాన్ని మేస్త్రీలు కవరింగ్ అంటారు. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో అది 20 మిల్లీమీటర్లు ఉండాలి, సన్న రాడ్లయితే 15 దాకా తగ్గించుకోవచ్చు. బొటనవేలు మందం మించదు. సీలింగు కథంతా ఈ బొటనవేలు మందంలోనే నడుస్తుంది.

ఇప్పుడు ముగ్గురి ఎస్టిమేట్లు మళ్ళీ చూస్తే, పెయింటర్ అలంకారం పొరకి చెప్పాడు, మేస్త్రీ ప్లాస్టింగ్ నుంచి కవరింగ్ దాకా చెప్పాడు, మూడో ఆయన నీళ్ళు దిగే దారికి చెప్పాడు. మన ఇంటికి ఏది కావాలన్నది ఏ పొర పాడైందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ పొర పాడైందో ముగ్గురిలో ఎవరూ కొట్టి చూడలేదు.

రాడ్డు కాంక్రీటులో ఉన్నంతకాలం ఎందుకు తుప్పు పట్టదు, తర్వాత ఎందుకు పడుతుంది

ఇనుముని బయట వాకిట్లో వదిలేస్తే ఒక్క వానాకాలానికి ఎర్రబడుతుంది, అదే ఇనుము కాంక్రీటులో 30, 40 ఏళ్ళు మెరుస్తూ ఉంటుంది, కారణం సిమెంటులో ఉండే క్షార గుణం. సున్నం ఎంత ఘాటో మనకి తెలుసు కదా, తాంబూలంలో కాస్త ఎక్కువైతే నోరు పొక్కిపోద్ది, కాంక్రీటు లోపల కూడా అంత ఘాటు ఉంటుంది, ఆ ఘాటుని కొలిచే అంకె పీహెచ్ అక్కడ 12 పైనే. ఆ ఘాటులో ఇనుము చుట్టూ కంటికి కనపడని ఒక సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది, అదున్నంతసేపు తుప్పు రాదు.

ఆ పొర రెండు రకాలుగా పోద్ది. మొదటిది గాలి వల్ల. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటు సూది రంధ్రాల్లోంచి మెల్లగా లోపలికి వెళ్ళి ఆ ఘాటుని చంపేస్తూ పోతుంది, పీహెచ్ 9 కిందికి దిగాక రాడ్డుకి కాపలా ఉండదు. దీన్నే కార్బనేషన్ అంటారు. ఇది ఎంత లోతు వెళ్తుందన్నది గడిచిన ఏళ్ళ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది, ఇక్కడే ఒక చిన్న లెక్క వేసి చూడాలి. మనింటి కాంక్రీటుకి ఆ వర్గమూలాన్ని గుణించాల్సిన అంకె 4 అనుకుందాం, అంటే మొదటి ఏడాదిలో 4 మిల్లీమీటర్లు, 4 ఏళ్ళకి 8, 25 ఏళ్ళకి 20. కవరింగ్ సరిగ్గా 20 ఇచ్చిన ఇంట్లో రాడ్డు దాకా రావడానికి 25 ఏళ్ళు పడుతుంది. అదే స్లాబు పోసేటప్పుడు కవర్ బ్లాకులు, అంటే రాడ్ల కింద ఎత్తు కోసం పెట్టే చిన్న దిమ్మలు, పెట్టకుండా, లేదా పెట్టినా మనుషులు రాడ్ల మీద నడిచి అవి కిందికి నొక్కుకుపోయి 10 మిల్లీమీటర్లే మిగిలిందనుకోండి, 25లో సగం పన్నెండున్నర ఏళ్ళు పట్టుద్దని అనుకుంటాం, కానీ లెక్క చూస్తే ఆరేళ్ళ మూడు నెలలే. కవరింగ్ సగమైతే ఆయుష్షు పావు అవుతుంది. పక్కపక్కనే ఒకే ఏడు కట్టిన రెండిళ్ళల్లో ఒకటి నిక్షేపంగా ఉండి ఒకటి పెచ్చులూడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం, సిమెంటు బ్రాండు కాదు.

రెండోది ఉప్పు వల్ల. కాంక్రీటు కలిపిన నీళ్ళల్లో, క్యూరింగ్ చేసిన నీళ్ళల్లో క్లోరైడు ఎక్కువుంటే అది ఘాటు ఉన్నా సరే రక్షణ పొరని అక్కడక్కడా చిల్లులు పొడుస్తుంది. ఐఎస్ 456 స్టీలున్న కాంక్రీటుకి వాడే నీళ్ళల్లో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. నాలిక్కి ఉప్పదనం తెలిసేది సుమారు 250 దగ్గర, కాబట్టి బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే బాగా ఉప్పగా తగిలే వీధుల్లో కట్టిన ఇళ్ళకి ఈ అనుమానం పెట్టుకోవాల్సిందే.

రెండిట్లో ఏ దారైనా కాపలా పోయాక కావాల్సింది నీళ్ళు, గాలి. గాలి ఎట్టాగూ ఉంటుంది, నీళ్ళు డాబా మీదనుంచో బాత్‌రూమ్ నుంచో వస్తాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది, అది పైకి ఉబ్బలేదు కాబట్టి కింద పలచగా ఉన్న కవరింగుని నెట్టేస్తుంది. మొదట రాడ్డు వెంబడే తిన్నగా సన్నని పగులు, తర్వాత ఉబ్బు, తర్వాత పెచ్చు. ఆ పెచ్చు బరువెంతో తెలిస్తే జనం దాని కింద మంచం వెయ్యరు, ఒక చదరపు అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న కాంక్రీటు ముక్క ఐదున్నర కిలోల పైనే తూగుతుంది.

మరక, పొర, పెచ్చు: మూడిటికీ తేడా

పసుపు రంగులో వలయాలుగా మరక ఉండి, చేత్తో నొక్కితే గట్టిగా ఉంటే అది నీళ్ళు వచ్చి ఆరిన గుర్తు. స్లాబు బాగుంది, దారి మాత్రం ఉంది. పెయింటు బుడగలు కట్టి, గీకితే లప్పం పొడిపొడిగా రాలి, కింద తెల్లగా ఉప్పు పూత కనపడితే చెమ్మ ఇంకా ఉందని అర్థం, నీళ్ళు స్లాబులోంచి వస్తూ సిమెంటులో ఉప్పులు కరిగించి తెచ్చి బయట ఆరిపోతున్నాయి. ఈ రెండూ అలంకారం పొరల జబ్బులు.

పగులు తిన్నగా ఒకే గీతలో, జానెడు జానెడు దూరంలో ఇంకో గీతతో సమాంతరంగా పోతుంటే, గోధుమ రంగు తుప్పు కారిన జాడ ఉంటే, అది రాడ్డు. మూడోదానికి లప్పం పెట్టడమంటే విరిగిన కాలుకి కట్టు కట్టకుండా పౌడరు రాయడం లాంటిది, నాలుగు నెలల్లో మళ్ళీ అక్కడే, ఈసారి లప్పం బరువుతో కలిపి ఊడిద్ది.

ఇంకో సంగతి, పెచ్చు ఊడిన ప్రతిచోటా రాడ్డు జబ్బే అనుకోవక్కర్లేదు. స్లాబు అడుగున సెంట్రింగ్ షీట్లకి పూసిన నూనె సరిగ్గా కడగకుండా, కాంక్రీటుని గరుకు చెయ్యకుండా ప్లాస్టింగ్ చేస్తే అది పట్టుకోదు, పదేళ్ళకో పదిహేనేళ్ళకో పలకలాగా ఊడొస్తుంది, పైన కాంక్రీటు నున్నగా, శుభ్రంగా కనపడుతుంది. ఇది చూడ్డానికి భయంకరంగా ఉన్నా చాలా చిన్న జబ్బు. ఊడిన చోట పైన ఏం కనపడుతుందన్నదే తేడా, నున్నటి బూడిదరంగు కాంక్రీటా, ఎర్రటి రాడ్డా.

చాక్‌పీసుతో ఓ మధ్యాహ్నం

నాలుగోసారి ఒక పెద్దాయన వచ్చాడు, విజయవాడ బందర్ రోడ్డు పక్కన పాత బిల్డింగులు చాలా బాగు చేసిన మేస్త్రీ. ఆయన రేటు చెప్పకుండా స్టూలెక్కి సుత్తి కామతో హాలు సీలింగంతా జానెడుకో దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వెళ్ళాడు. గట్టిగా ఉన్న చోట ఠంగుమంటుంది, లోపల విడిపోయిన చోట పుచ్చకాయ మీద తట్టినట్టు డొల్లగా బొదబొదమంటుంది. డొల్ల వినపడ్డ చోటల్లా చాక్‌పీసుతో గీత గీయమన్నాడు. బయటికి కనపడింది పళ్ళెమంత పెచ్చు, గంట తర్వాత చూస్తే చాక్ గీత లోపల చాప పరిచినంత చోటుంది, అదీ అంతా ఫ్యాను వైపు నుంచి వరండా గోడ వైపుకి ఒక పట్టీలాగా పోయింది. వరండా గోడకి సరిగ్గా పైన డాబా మీద వాననీళ్ళ గొట్టం ఉంది.

తర్వాత ఉలితో ఒక చోట కొట్టి రాడ్డు బయటికి తీశాడు. తుప్పు పొర వేలితో గిల్లితే మడత కాజా పొరల్లాగా విడివిడిగా ఊడొచ్చింది, ఒకదాని కింద ఒకటి, మూడు నాలుగు పొరలు. అవన్నీ తీసేసి వైరు బ్రష్షుతో రుద్దాక మిగిలిన రాడ్డుని కొలిచాం, 8 ఎంఎం రాడ్డు 7 అయింది. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ రాడ్డు బలం దాని అడ్డకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 7 ఇంటూ 7 అంటే 49, 8 ఇంటూ 8 అంటే 64, 49ని 64తో భాగిస్తే 0.77, అంటే నూటికి 23 వంతుల ఇనుము పోయింది. ఐదో వంతు, నాలుగో వంతు దాటి పోయిన చోట పక్కన కొత్త రాడ్డు కట్టాలని ఇంజినీర్లు మామూలుగా పెట్టుకునే హద్దు, మాది ఆ హద్దు మీదే ఉంది.

దీనికంటే లోతుగా తెలుసుకోవాలంటే పరీక్షలున్నాయి. కొట్టిన కాంక్రీటు ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే, ఘాటు ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది, ఘాటు చచ్చిపోయిన చోట ఏ రంగూ రాదు, ఇంటర్లో కెమిస్ట్రీ ల్యాబులో చూసిందే ఇది. ఆ రంగు రాని పట్టీ ఎంత లోతుందో స్కేలుతో కొలిస్తే కార్బనేషన్ రాడ్డు దాకా వచ్చిందో లేదో తెలుస్తుంది. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హామర్, లోపల పగుళ్ళు పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా స్ట్రక్చరల్ ఇంజినీర్లు చేయిస్తారు. ఇల్లంతా ఇలాగే ఉందన్న అనుమానముంటే ఆ ఫీజు దండగ కాదు, ఒక గది మూల వరకే అయితే సుత్తి, చాక్‌పీసు చాలు.

నీళ్ళు ఎక్కడివో తేల్చడం ఎందుకంత కష్టం

మరక ఉన్నచోటే నీళ్ళు దిగుతున్నాయని అందరం అనుకుంటాం. స్లాబులో దిగిన నీరు పగులు దొరికిన వైపు, వాలు ఉన్న వైపు, కరెంటు పైపు ఉన్న వైపు పాకి ఎక్కడో పది అడుగుల అవతల కారుతుంది, ఫ్యాను దగ్గరే ఎక్కువ కారడం అందుకే, స్లాబులో వేసిన కరెంటు పైపు అక్కడ తెరుచుకుంటుంది కాబట్టి.

వాన పడ్డ రెండో రోజో మూడో రోజో చెమ్మ పెరిగితే డాబా. వానతో పనిలేకుండా రోజూ ఒకేలా ఉంటే పై ఇంటి బాత్‌రూమో, ట్యాంకు పైపో. బాత్‌రూమే అనుకుంటే నీళ్ళు పోయే రంధ్రం మూసేసి రంగు కలిపిన నీళ్ళు రెండంగుళాలు నింపి ఒకటి రెండు రోజులు ఉంచి చూస్తారు. గదిలో ఏసీ వాడుతూ మూల మీద నల్లటి బూజు మాత్రమే వస్తుంటే అది లీకేజీ కాకపోవచ్చు, గదిలో తేమ చల్లటి చోట చెమటలాగా పట్టడం కావచ్చు. ఇది తేల్చడానికి అడుగున్నర చదరం పాలిథిన్ కవరు నాలుగు వైపులా టేపుతో సీలింగుకి అంటించి ఓ రోజు వదిలేస్తారు. చెమ్మ కవరు లోపలి వైపు, అంటే సీలింగుకీ కవరుకీ మధ్య పడితే నీళ్ళు స్లాబులోంచి వస్తున్నట్టు. కవరు బయట, గది వైపు పడితే తేమ గదిలోదే.

డాబా మీదకి ఎంత నీరు వస్తుందో కూడా ఒకసారి ఊహించుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం వాన పడితే 2,360 లీటర్లు, రెండు పెద్ద ట్యాంకులు నిండి పొర్లినంత. అది గంటలో దిగిపోవాలంటే వాలు నూటికి ఒకటైనా ఉండాలి, అంటే 30 అడుగుల పొడవుకి మూడున్నర అంగుళాల పైన తేడా. మా డాబా మీద దారం కట్టి చూస్తే అంగుళం కూడా లేదు, పైగా గొట్టం నోట్లో కానుగ ఆకులు.

అతుకు వెయ్యడం: ఏ పొర ఏం పని చేస్తుంది, పక్కన ఎందుకు ఊడుతుంది

రాడ్డు జబ్బు వచ్చిన చోట డొల్లంతా కొట్టేసి, రాడ్డు చుట్టూ వెనక వేలు దూరేంత సందు వచ్చేదాకా చిప్పింగ్ చేస్తారు. సగం రాడ్డు పాత కాంక్రీటులో, సగం కొత్త మాలులో ఉంటే జబ్బు వెనకనుంచి మళ్ళీ మొదలవుతుంది కాబట్టి ఈ వెనక సందు ముఖ్యం, ఓపిక లేని మనిషి ఎగ్గొట్టేదీ ఇదే. ఎక్కువ మేర చిప్పింగ్ చేస్తున్నప్పుడు కింద జాకీలో, సరుగుడు కర్రలో ఆనించి పెట్టాలి. తుప్పంతా రాల్చి రాడ్డుకి జింకు ప్రైమరో, పాలిమర్ కలిపిన సిమెంటు పాలో పట్టిస్తారు. గేట్లకి వేసే మామూలు ఎనామిల్ పెయింటు రాడ్డుకి వేస్తే తుప్పు ఆగినట్టే ఉంటుంది గానీ మాలు దాన్ని పట్టుకోదు. ఆ తర్వాత ఎస్‌బీఆర్ లేటెక్స్ (కృత్రిమ రబ్బరు పాలు) లాంటి పాలిమర్ కలిపిన మాలు పలచటి వరసలుగా, ఒక్కో వరస 10, 15 మిల్లీమీటర్లు మించకుండా ఎక్కిస్తారు, తలకిందులుగా చేసే పని కాబట్టి ఒకేసారి మందంగా కొడితే బరువుకి జారిపోద్ది. మామూలు ఇసుక సిమెంటు మాలు చాలదా అని చాలామంది అడుగుతారు. ప్లాస్టింగ్ ఒక్కటే ఊడిన చోట చాలు. రాడ్డు బయటపడ్డ చోట మాత్రం అది ఆరేటప్పుడు కుంచించుకుపోయి అంచుల్లో వెంట్రుక పగులు వస్తుంది, ఆ పగుల్లోంచి మళ్ళీ గాలి, నీరు.

ఇక జనాన్ని బాగా విసిగించేది ఒకటుంది. నిరుడు బాగు చేసిన చోట చక్కగా ఉంటుంది, దాని చుట్టూ కొత్తగా ఊడుతుంది. మేస్త్రీ సరిగ్గా చెయ్యలేదంటాం. చాలాసార్లు తప్పు ఆయనది కాదు. తుప్పు పట్టడమంటే రాడ్డులోనే ఒక చిన్న బ్యాటరీ నడవడం, ఒక చోట ఇనుము కరుగుతూ ఉంటే ఆ కరిగే చోటు పక్కనున్న రాడ్డుని కాపాడుతూ ఉంటుంది. మనం కరిగే చోటుని బాగు చేసేశాం, అక్కడ కొత్త ఘాటు వచ్చింది, ఇప్పుడు ఆ కాపలా పోయి పక్క చోటు కరగడం మొదలుపెడుతుంది. ఉప్పున్న కాంక్రీటులో ఇది బాగా ఎక్కువ. అందుకే కనపడ్డ పెచ్చు వరకే కాకుండా డొల్ల వినపడ్డ చోటంతా, ఇంకో అడుగు దాటి కూడా కొట్టమంటారు, అది డబ్బు కోసం చెప్పే మాటని కొట్టిపారెయ్యకూడదు.

పైన ఏం వెయ్యాలన్న వాదన

కింద ఎంత చేసినా పైన నీళ్ళు ఆగకపోతే లాభం లేదన్న దగ్గర అందరిదీ ఒకటే మాట. ఎలా ఆపాలన్న దగ్గరే గొడవ. పాత మేస్త్రీలు ఇటుక ముక్కలు పరిచి సిమెంటుతో వాలు చేసే పద్ధతినే నమ్ముతారు, ఇంకా వెనక్కి వెళ్తే వన్‌టౌన్ పాత ఇళ్ళల్లో టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి వేసిన మద్రాసు టెర్రస్ డాబాలు కనపడతాయి, వాటికి ఈ రాడ్డు జబ్బే లేదు, వాటి శత్రువులు చెదలు, దూలం చివర్లు కుళ్ళడం. ఇటుక పద్ధతిలో మంచి ఏంటంటే వాలూ వస్తుంది, ఎండా ఆగుతుంది. చిక్కేంటంటే బరువు. 4 అంగుళాల పొర చదరపు మీటరుకి 190 కిలోల దాకా ఉంటుంది, మనుషులు ఎక్కే డాబాకి డిజైన్లో వదిలే బరువు మామూలుగా 150 కిలోలే.

ఇక్కడ చాలా ఇళ్ళల్లో జరిగే తప్పు చెప్పాలి. కారినప్పుడల్లా పైన ఇంకో రెండంగుళాల కాంక్రీటు పోసేస్తాం. వెయ్యి చదరపు అడుగుల డాబాకి రెండంగుళాలంటే 11 టన్నులు. కింద రాడ్లు నాలుగో వంతు కరిగిపోయిన స్లాబు మీద 11 టన్నులు ఎక్కించి వాటర్‌ప్రూఫింగ్ చేశామనుకుంటున్నాం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో గుండె దడ పుట్టించేది ఇదే.

డబ్బాల్లో వచ్చే రబ్బరు లాంటి కోటింగులకి బరువు లేదు, తెల్లవి అయితే గది వేడి కూడా తగ్గుతుంది. కానీ అవి వాలుని సరిచెయ్యవు, నీరు నిలబడ్డ చోట త్వరగా లేచిపోతాయి, ఎండకి కొన్నేళ్ళకోసారి మళ్ళీ వెయ్యాలి. రేకుల షెడ్డు వేసుకున్నవాళ్ళు వానా ఎండా రెండూ ఆపామంటారు, అది నిజమే, స్లాబుకి అంతకన్నా సుఖం లేదు, కానీ ఖర్చు ఎక్కువ, గాలివానకి గట్టిగా బిగించాలి, మునిసిపాలిటీ నిబంధనలు కూడా చూసుకోవాలి.

ఏది వేసినా ఊడిపోయేది ఎక్కువగా పిట్టగోడ మొదట్లో. కారణం ఎండ. 40 అడుగుల స్లాబు, మే నెల మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ మధ్య 30 డిగ్రీల తేడా అనుకుంటే, స్లాబు మూడున్నర మిల్లీమీటర్లు సాగి మళ్ళీ దగ్గరికొస్తుంది, ప్రతిరోజూ. ఆ మూల గట్టి సిమెంటుతో కప్పితే పగలక తప్పదు, అక్కడ సాగే గుణమున్న పదార్థం, గుండ్రంగా తిప్పిన మూల కావాలి.

ఫాల్స్ సీలింగ్ పెట్టి కప్పేస్తే

ఇది చాలామంది అడిగే ప్రశ్న. చూపుకి బాగుంటుంది, కానీ పై స్లాబు కనపడదు, పెచ్చు రాలితే జిప్సం బోర్డు మీద పేరుకుంటుంది, నీళ్ళు తగిలితే జిప్సం మెత్తబడి బరువుతో కలిపి కిందికి వస్తుంది. స్లాబు ఆరోగ్యం తేలాక పెట్టుకుంటే తప్పు లేదు, అప్పుడు కూడా చెయ్యి దూరి చూసేలా ఓ తలుపు వదిలితే మంచిది.

పెయింటు ఎందుకు మళ్ళీ మళ్ళీ పాడవుతుంది

పసుపు మరక మీద నేరుగా ఎమల్షన్ కొడితే ఆ రాత్రే మళ్ళీ బయటికొస్తుంది. ఎమల్షన్‌లో ఉండేది నీళ్ళు, ఆ నీళ్ళల్లో మరక మళ్ళీ కరిగి పైకి తేలుతుంది, మూడు కోట్లేసినా అంతే. అందుకే మరక ఆరాక ఆయిల్ ప్రైమరో, మరకని ఆపే ప్రైమరో ముందు వేస్తారు. అయితే అదే ఆయిల్ ప్రైమర్ కొత్త ప్లాస్టింగ్ మీద వేస్తే తప్పు, కొత్త సిమెంటు ఘాటు నూనెని సబ్బు చేసేస్తుంది, జిగటగా అయి పొర లేస్తుంది. ఒకే సీలింగులో పాత మరకకి ఒకటి, కొత్త అతుక్కి ఇంకొకటి కావాలన్నమాట, ఒకే డబ్బాతో అంతా లాగించే పెయింటర్ దగ్గర ఇక్కడే తేడా కొడుతుంది.

కొత్త అతుక్కి కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూడాలి, ఆ తర్వాత ఆరడానికి మొత్తం 28 రోజులు వదలమంటారు. తొందరపడి లప్పం పెడితే లోపలి తేమ దాన్ని నెట్టేస్తుంది. లప్పం కూడా రెండు కోట్లు కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు మించితే పలకలుగా లేస్తుంది, గుంటలు పూడ్చడానికి లప్పం కాదు, మాలు. ఆఖరికి అతుకు వరకే రంగేస్తే కిటికీ వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు మచ్చలాగా కనపడుతుంది, కొత్త చోటు రంగుని ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి. అందుకే గోడ నుంచి గోడ దాకా సీలింగు మొత్తం, మెరుపు లేని మ్యాట్ రంగే వేస్తారు.

ఖర్చు ఎవరిది

సొంత డాబా ఇంటికి ఈ ప్రశ్న లేదు. అపార్ట్‌మెంట్లో పై కప్పు మన రాష్ట్రంలో 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తి, కాబట్టి ఆఖరి అంతస్తు వాళ్ళ సీలింగు కారితే డాబా ఖర్చు వాళ్ళొక్కరిదే అనడం సరికాదు. మధ్య అంతస్తుల్లో పై బాత్‌రూమ్ కారితే మామూలుగా పై వాళ్ళ మీద వేలు చూపిస్తారు, రంగు నీళ్ళ పరీక్ష ఇద్దరి ఎదురుగా చేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. కొత్త ఫ్లాటయితే 2016 రెరా (రియల్ ఎస్టేట్) చట్టం 14(3) సెక్షన్ ఉంది, తాళాలు ఇచ్చిన ఐదేళ్ళ లోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగు చెయ్యాలి. ఫోటో తేదీతో సహా, రాతపూర్వకంగా అడగడం ఇక్కడ పనికొస్తుంది.

సంక్రాంతికి పెయింటు అనే చిక్కు

మన వైపు ఇంటికి రంగు అంటే సంక్రాంతికే. కానీ వానలు అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా ఉంటాయి, స్లాబు అప్పటిదాకా నీళ్ళు పీలుస్తూనే ఉంటుంది, డిసెంబరు చలిలో మెల్లగా ఆరుతుంది, సరిగ్గా ఆ ఆరే సమయంలో మనం లప్పం, పెయింటు కొట్టి మూత పెట్టేస్తాం. స్లాబు బాగా ఆరి, ఎండ మరీ మండకుండా ఉండేది జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా. మే నెలలో చేస్తే మాలు గంటలో ఎండిపోయి పగులుతుంది, సాయంత్రాలు చేసి తడి గోనెలు కట్టుకోవాల్సొస్తుంది.

మా ఇంట్లో డాబా గొట్టం, వాలు ముందు చేయించాం, తర్వాత లోపల రాడ్లు. మొత్తం ఖర్చు మొదటి ముగ్గురు చెప్పిన ఏ అంకెతోనూ కలవలేదు, మేస్త్రీ చెప్పినదానికీ కాంట్రాక్టరు చెప్పినదానికీ మధ్యలో ఎక్కడో తేలింది. పండక్కి చుట్టాలొచ్చినప్పుడు హాల్లో బూడిదరంగు అతుకు, దాని చుట్టూ నా చాక్ గీతలు అలాగే ఉన్నాయి, అమ్మకి అది నచ్చలేదు. ఫిబ్రవరిలో పాలిథిన్ కవరు అంటించి ఒక రోజంతా వదిలి తీసి చూశాం, లోపలి వైపు పొడిగా ఉంది. ఆ మర్నాడే పెయింటర్‌కి ఫోన్ చేశాం, మొదట 6 వేలు చెప్పిన అతనికే.